పటంలో లేని బావి

మా అపార్టుమెంటు గేటు పక్కన ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. పొద్దున పాల కోసం కిందికి దిగే వేళకు ఆ ఇస్త్రీ ఆయన గంజి పెట్టిన పంచె మీద నీళ్ళు చిలకరించి బొగ్గుల పెట్టె ఆనిస్తాడు. తడి గంజి వేడెక్కిన వాసన గుప్పుమంటుంది. నేను పాల ప్యాకెట్లు పట్టుకుని అక్కడే నిలబడిపోతాను. మొదట్లో ఆయన నా చీరేదో పోయిందని అడగడానికి వచ్చాననుకునేవాడు. తిరుపతికి వచ్చి ఇన్నేళ్ళయినా నాకు ఆ వాసన చిత్తూరులో నేను పనిచేసిన ఆఫీసుదే. అక్కడ భూముల పటాలకు నకళ్ళు తీసేవాళ్ళం. గంజి పట్టించిన పల్చటి గుడ్డను పటం మీద పరిచి, కింద కనిపించే గీతల వెంబడి సిరాతో గీయడం నా పని. దాన్నే ట్రేసర్ ఉద్యోగం అనేవారు. చెమట చెయ్యి ఆనితే చాలు, గంజి కరిగి మచ్చపడేది. ఎండాకాలం మోచేతి కింద పొడిబట్ట వేసుకోవాలని నాకు నేర్పింది ఖాదర్ వలీ సారు. ఆయన గురించి రాయాలని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక పని గుర్తొచ్చి లేచిపోతూ వచ్చాను. ఇవాళ లేవదలచుకోలేదు.

డెబ్బైల నడుమ నేను ఆ ఉద్యోగంలో చేరాను. డ్రాయింగు పరీక్షలు రెండూ పాసయ్యానన్న పొగరు నాకు బాగానే ఉండేది. సారు మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. అంటే మా గదికి పెద్ద. చిత్తూరులో రేకు పెట్టెలు చేసే కుటుంబం వాళ్ళది. సన్నటి మనిషి, తెల్లచొక్కా, కళ్ళద్దాలకు ఒకవైపు దారం. మొదటి రోజు నాకు ఒక కాగితం ఇచ్చి, "ఏ ఊరు పాపా మీది?" అని అడిగారు. పూతలపట్టు అన్నాను. "అయితే ఆ ఊరే గీయి. కొలతలు ఏమీ వద్దు. నీకు తెలిసినంత గీయి" అన్నారు. నేను మధ్యాహ్నం దాకా కష్టపడి రోడ్లు కలిసే చోటు, బస్సులు ఆగే చోటు, హైస్కూలు, బియ్యం మిల్లు, గుడి అన్నీ గీసి, పేర్లు అచ్చు వేసినట్టు రాసి ఇచ్చాను. నా రాతకు నేనే మురిసిపోయాను. ఆయన చాలాసేపు చూశారు.

"రాత బాగుండాది. మీ ఊళ్ళో ఎవురూ బట్టలు ఉతుక్కోరా?"

నేను కాగితం మీదికి వంగి చూశాను.

"సచ్చిపోయేది కూడా లేదా? వానొస్తే నీళ్ళు యాడికి పోతాయి? గొర్రెల్ని ఏ పక్క తోల్తారు?" అని కాగితం నా చేతికి ఇచ్చేసి, "ఇది బస్సులో పొయ్యేవాడు కిటికీలో నుంచి సూసిన పూతలపట్టు. దిగి నడిసి రా పో" అన్నారు.

ఇంటికి వెళ్ళేదాకా పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. ఆదివారం నాయనను వెంటబెట్టుకుని ఊరంతా నడిచాను. నాయన మొదట నవ్వాడు, పుట్టిన ఊరిని చూపించమనేదానివి నువ్వొక్కదానివే అని. తరువాత ఆయనకే హుషారు వచ్చింది. తారురోడ్డు పడకముందు బండ్లు పోయిన దారి మా ఇళ్ళ వెనక నుంచి ఉండేదని, అది ఇప్పుడు ఎవరెవరి చేలల్లో కలిసిపోయిందో చూపించాడు. ఒక చెనక్కాయ చేని నడుమ పెద్ద రాతి తొట్టి ఉంది. చిన్నప్పటి నుంచి దాని మీద కూర్చుని చెనక్కాయలు తిన్నదాన్నే. చేని నడుమ తొట్టి ఎందుకుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. బండి ఎద్దులు నీళ్ళు తాగడానికట. బండ్ల దారి పోయింది, తొట్టి మాత్రం బరువుకు కదల్లేక మిగిలిపోయింది. రెండో పటంలో అవన్నీ పెట్టి తీసుకెళ్ళాను. సారు మెచ్చుకోలేదు. "ఈ తొట్టి ఎవురు పెట్టించినారంట?" అని మాత్రం అడిగారు. నాకు తెలియదు. అడిగి తెలుసుకోవడానికి మళ్ళీ ఒక ఆదివారం పట్టింది. పిల్లలు లేని ఒక శెట్టిగారి భార్య పెట్టించిందని తేలింది. సారు నా చేతికి పెన్సిలు ఇచ్చి ఆమె పేరు తొట్టి పక్కన రాయించారు.

ఆయనకు అదొక పద్ధతి. ప్రభుత్వ పటాల్లో చేలకు నంబర్లు ఉంటాయి గాని పేర్లు ఉండవు. ఊళ్ళో వాళ్ళకేమో నంబరు తెలియదు, పేరే తెలుసు. దండుబాట, మంత్రసాని మడి, గుర్రాల దిన్నె. సారు ఏ ఊరికి కొలతకు పోయినా కరణం దగ్గరికి చివర పోయేవారు. మొదట గొర్రెలు కాసేవాళ్ళనీ, బట్టలు ఉతికేవాళ్ళనీ, ఇంటి ముందర ఊరికే కూర్చున్న ముసలమ్మలనీ అడిగేవారు. "కరణం సెప్పేది కాగితంలో ఉండే సంగతే. ఆ కాగితం మన కాడా ఉండాది గదా" అనేవారు. విన్న పేర్లన్నీ సొంత నోటుబుక్కులో చిన్న పటాలు గీసి పెన్సిలుతో రాసుకునేవారు. మంత్రసాని మడి అంటే జమీందారీ కాలంలో కాన్పులు చేసే ఆమెకు ఇచ్చిన కాస్తంత మడి అని, ఆ ముక్క ఎంత చిన్నదో గీసి చూపించినప్పుడే నాకు ఆ కాలం ఎలాంటిదో అర్థమైంది. బడిలో చదివిన చరిత్రలో రాజులు తప్ప కాన్పులు చేసినవాళ్ళు లేరు.

ఒక ఆదివారం కార్వేటినగరం పోతున్నాను, వస్తావా అని అడిగారు. పెళ్ళి కాని ఆడపిల్ల పైఆఫీసరుతో ఊళ్ళు తిరగడమేమిటని నాయన నాతోపాటు బయలుదేరాడు. కాపలా కోసం వచ్చిన మనిషి పది నిమిషాల్లో టేపు రెండో కొస పట్టుకుని పరిగెత్తుతున్నాడు. పాత ప్యాలెస్ వెనక ఖాళీ జాగాలో కాలిబాట ఒకటి అర్ధచంద్రంలాగా వంగి పోయింది. అడ్డం ఏమీ లేదు, నేరుగా పోవచ్చు. అయినా జనం వంపు తిరిగే నడుస్తున్నారు. సారు ఆ వంపును కొలిచి గీసుకుని, అక్కడ ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్మే అవ్వను అడిగారు.

"ఆడ ఏనుగుని కట్టేసేవాళ్ళంటబ్బా. మా యవ్వ సెప్పేది. దాని తొండానికి అందకుండా తిరుక్కోని పోవాలని" అంది అవ్వ.

ఏనుగు పోయి ఎన్నేళ్ళయిందో, మనుషులు ఇంకా దానికి జాగా వదిలి నడుస్తున్నారు. నాయన తిరుగు బస్సులో ఆ మాటే తలచుకుని నవ్వుతూ వచ్చాడు. "మంచోడు మే మీ సారు, ఆయనతో నువ్వు యాడికన్నా పో" అన్నాడు. ఆ అనుమతి మా నాయన నోట రావడం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కార్వేటినగరానికి కొన్ని మైళ్ళ దూరంలో గుట్ట కింద ముప్పై ఇళ్ళ పల్లె ఒకటి ఉంది. గువ్వలమిట్ట అని పిలుస్తాను. పటాలు గీసి బతికినదాన్ని అయ్యుండి ఊరి పేరు మార్చడం నాకే నవ్వుగా ఉంది గాని, ఆ మనుషుల మనవళ్ళు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఆ పల్లెకు తాగే నీళ్ళు ఒకే బావివి. మిగతా చోట ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. బావి ఉన్న నేల ప్రభుత్వ పోరంబోకు, అంటే ఎవరి పట్టాలోనూ లేని భూమి. సారు రిటైర్ కావడానికి నాలుగైదు నెలలు ఉందనగా, పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన ఆ నేల తనకు ఇప్పిస్తే మామిడితోట పెట్టుకుంటానని అర్జీ పెట్టుకున్నాడు. పల్లెవాళ్ళు మా బావి పోతుందని మొర పెట్టుకున్నారు. ఆయన దానికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు: ప్రభుత్వ పటంలో అక్కడ బావే లేదు, భూమి ఆక్రమించుకోవడానికి వీళ్ళు నిన్నమొన్న తవ్వారు, అని. బావి పాతదని తేలితే ఆ నేల ఎవరికీ ఇవ్వడానికి లేదు. కొత్తదైతే పూడ్చి కంచె వేసుకోవచ్చు. కంచె రాళ్ళు అప్పటికే తోలించాడు. పటం ఏమంటుందో చెప్పమని ఆ కాగితాలు మా గదికి వచ్చాయి.

జమీలు రద్దయిన కొత్తల్లో ఆ ఊళ్ళన్నీ మొదటిసారి కొలిచారు. అప్పటి కొలత పుస్తకం బయటికి తీసి ఆ నేల నంబరుకు నకలు తీసే పని నాకు పడింది. బావి గుర్తు లేదు. కింద కొలిచినవారి సంతకం చూస్తే ఖాదర్ వలీ అని ఉంది. సారు వయసులో ఉన్నప్పటి సంతకం, ఇప్పటి కంటే వంకరలు ఎక్కువ. నేను కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి చూశాను. ఎక్కడైనా గీత చెరిగి ఉంటే అలా చూడడం మా అలవాటు. నంబరు నడుమ ఒకచోట కాగితం పల్చబడి ఉంది. గుండ్రంగా పెన్సిలు నొక్కిన గాడి, రబ్బరుతో రుద్దిన జాడ. ఎవరో బావి గీసి తుడిచేశారు. పుస్తకం పట్టుకుని సారు బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆ కాగితాలు వచ్చిన రోజు నుంచి ఆయన సరిగ్గా మాట్లాడటం లేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది.

"కనపడిందా?" అన్నారు తల ఎత్తకుండానే.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక చెప్పారు. కొలత వాళ్ళు వస్తున్నారంటే ఆ రోజుల్లో పల్లెలు హడలిపోయేవట. బావి కనపడితే మాగాణి అని రాస్తారు, తీర్వ, అంటే భూమి పన్ను, మూడింతలు వేస్తారు అని పుకారు పుట్టింది. గువ్వలమిట్ట వాళ్ళు బావి మీద కట్టెలు పరిచి, కంపలు కప్పి, పైన ఎండిన చెనక్కాయ కట్టెను వామిగా పేర్చేశారు. మూడు రోజులు గొంతు ఎండుతున్నా గుట్ట అవతల నుంచి నీళ్ళు మోసుకున్నారు, తమ బావి తామే దాచుకుని.

"ఇరవై ఏడేండ్లోణ్ణి అప్పుడు. ఎండకి కండ్లు తిరిగి ఒకామె ఇంటి ముందర కూలబడినాను. మునెమ్మ అని. కుండ అడుగున దాచిపెట్టుకున్న నీళ్ళు ముంతలో ఇచ్చింది. తియ్యగా ఉన్నాయి పాపా. ఆ పక్కంతా ఉప్పునీళ్ళు గదా, ఇవి యాడివమ్మా అన్నాను. ఆమె వామి వైపు సూసింది. నేను పొయ్యి కంప తీసి సూసి, బావి గీసుకున్నాను. ఆమె వెనకాలే వచ్చి దండం పెట్టి, రాయొద్దు నాయనా, తీర్వ ఏస్తే కట్టలేం, ఊరు ఇడిసి పోవాల్సిందే అనింది. తుడిసేసినాను."

కళ్ళద్దాల దారం సర్దుకుని, "తాగే నీళ్ళ బావికి తీర్వ లేదు పాపా. ఆ ముక్క నాకు తెలుసు. కూర్చోబెట్టి సెప్పి ఉంటే సరిపొయ్యేది. సెప్పలా. ఆమె అట్లా దండం పెడతా ఉంటే గొప్పగా అనిపించింది నాకు" అన్నారు.

అంత సూటిగా తన తప్పు తాను చెప్పుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. నాకు ఆయన మీద జాలి వేసింది, భయమూ వేసింది. రిటైరయ్యే ముందు ఇలాంటిది బయటపడితే ఏమవుతుందో ఆ గదిలో పనిచేసే ఎవరికైనా తెలుసు. నేను తలుపు వైపు చూసి, "గాడి ఉంది కదా సార్. అదే గాడిలో పెన్సిలు తిప్పితే సరి. ఎప్పటి గీతో ఎవరికీ తెలియదు. నేను గీస్తాను" అన్నాను. నిజంగానే గీసేదాన్ని. నా చెయ్యి అలాంటిది.

ఆయన కోప్పడలేదు. పుస్తకం మూసి తన వైపు లాక్కున్నారు. "ఉండే బావిని నువ్వు ఈ పొద్దు దొంగతనంగా గీస్తే, రేపు ఇంకొకడు లేని బావిని గీస్తాడు. నువ్వు ఏమని అడగగలవు?"

"అయితే వాళ్ళు దాచారు, నేను మోసపోయాను అని రాయండి సార్. అందులో అబద్ధం సగమే."

"అట్లా రాస్తే నాకేం కాదు. కానీ ప్రభుత్వాన్ని మోసం చేసినోళ్ళకి బావి ఎవురిస్తారు పాపా?"

ఆ సాయంత్రం ఆయన వాంగ్మూలం రాశారు. అరపేజీ. ఫలానా నంబరులో బావిని నేను కళ్ళారా చూశాను, కొలిచాను, గీశాను, నా అంతట నేనే తుడిచాను, ఊరివాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. కంప సంగతి గాని, మునెమ్మ మాట గాని అందులో లేవు. పైఆఫీసరు చదివి, ఇది వెనక్కి తీసుకోండి, నాలుగు నెలలు కళ్ళు మూసుకుంటే గౌరవంగా పోతారు అని రెండుసార్లు చెప్పాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. సారు తల ఊపి, కాగితం అక్కడే పెట్టి వచ్చేశారు.

వారం తిరక్కుండా ఆఫీసరు, సారు, కొలత గొలుసు పట్టే ఇద్దరు, నేను గువ్వలమిట్టకు విచారణకు వెళ్ళాం. బావి గట్టు రాయి మీద చేంతాడు ఒరుసుకుని వేలు లోతు గాళ్ళు పడి ఉన్నాయి. ఆఫీసరు వాటిలో వేలు పెట్టి చూశాడు. నిన్నమొన్నటి బావికి అంతలోతు గాళ్ళు పడవని ఆయనకూ తెలుసు. కానీ ఆ రాయి వేరేచోటు నుంచి తెచ్చిందని అర్జీదారు అక్కడే వాదించాడు. అప్పుడు సారు పాత పటంలో చెరిగిన గాడికి రెండు మూలల నుంచి ఎంత దూరమో చదివించి, అంతే దూరం నేల మీద గొలుసు వేయించారు. చెరిపేసిన సున్నా నడిబొడ్డు ఎక్కడ పడాలో అక్కడ, బావి నడిబొడ్డు మీద, గొలుసులు రెండూ కలిశాయి. అర్జీదారు కారు దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి, ఎండ వంక పెట్టి తుడుచుకున్నాను.

మునెమ్మ అప్పటికి బాగా ముసలిదైపోయింది. కోడలు రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. సారును పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"ఆ గొలుసు పిల్లోడివా నువ్వు? తల నెరిసిపొయినాదే. నా మాట ఇన్నందుకు నీకు మాట వచ్చిందంటనే అబ్బా."

"నీ మాట కాదులేమ్మా. నేనే సరిగా సెప్పలేదు ఆ పొద్దు."

"ఏం సెప్పాల?"

సారు ఆ గట్టు మీదే కూర్చుని, తాగే నీళ్ళ బావికి తీర్వ ఉండదని ఆమెకు విడమరచి చెప్పారు. పాతికేళ్ళు ఆలస్యంగా. ఆమె అంతా విని, "అంతేనా? దానికా మూడు దినాలు గుట్టెక్కి దిగినాం మేము" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సారు నవ్వలేదు.

ఆ నంబరు బావి పోరంబోకుగా మారింది, ఇక అది ఎవరికీ ఇవ్వడానికి లేదు. కొత్త పటం నేను గీశాను. ఆ చిన్న సున్నా గీసే ముందు మోచేతి కింద పొడిబట్ట రెండుసార్లు మార్చుకున్నాను. అదే నెలలో సారును సస్పెండు చేశారు. వీడ్కోలు సభ జరగలేదు, దండలు లేవు. పెన్షన్ చేతికి రావడానికి చాలా కాలం పట్టింది. ఆ రోజుల్లో ఆయన బడులకు గోడపటాలు గీసి ఇచ్చేవారు. నేనూ నాయనా ఆదివారాలు వెళ్ళేవాళ్ళం. నాయన టేపు పట్టుకునే రోజులు గుర్తుచేసి నవ్వించాలని చూసేవాడు. ఆఫీసు సంగతి సారు ఒక్కసారీ ఎత్తలేదు. పోయే ముందు ఏడాది తన పెన్సిలు నోటుబుక్కులు పదకొండూ నాకు ఇచ్చారు. ఇవన్నీ అచ్చు వేయిస్తాను సార్ అంటే, "అచ్చెందుకు, ఎవురన్నా అడిగితే సూపించు" అన్నారు. అడిగినవాళ్ళు తక్కువ. తిరుపతి చుట్టుపక్కల రోడ్లు వేసినప్పుడు, ఏర్పేడు వైపు చేలన్నీ ప్లాట్లు అయినప్పుడు, నేను వాటిని తెరిచి ఏ పేరు ఏ రాళ్ళ కింద పోయిందో చూసుకుంటూ ఉంటాను.

నేను కూడా ఆయన కుర్చీలో కూర్చున్నాను, ఆయన లాగే ఊళ్ళు తిరిగాను. ఎనభైల చివర ఒక ఊళ్ళో ఒంటరామె ఒకతె నా దగ్గరికి వచ్చింది. మొగుడు పోయాడు, ఉన్నది అరెకరం. దాని నడుమ నుంచి ఊరివాళ్ళు తరతరాలుగా నడిచే దారి ఉంది. అది పటంలోకి ఎక్కితే ఆమె చేను రెండు ముక్కలవుతుంది. "ఇదొక్కటి ఇడిసిపెట్టక్కా, నీకు పుణ్యం ఉంటాది" అంది. సారు చెప్పకుండా వదిలేసినవన్నీ నేను ఆమెకు చెప్పాను. కూర్చోబెట్టి రెండు గంటలు చెప్పాను. బదులు భూమి కోసం అర్జీ నేనే రాసి, ఆఫీసుల చుట్టూ నేనే తిరిగాను. ఆ భూమి రాలేదు. దారి గీశాను. గీసిన రోజు ఆమె నన్ను తిట్టలేదు. గొలుసుకు అడ్డం వస్తుందని తన మేకను తనే పక్కకు లాగి, తాడు పట్టుకుని నిలబడింది. ఆ పటం సరైన పటం, కింద సంతకం నాది, ఇప్పుడు అడిగినా మళ్ళీ అలాగే గీస్తాను. అయినా ఆ తాడు పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చిన రోజు, బావిని గీసి తుడిచేసిన ఆ ఇరవై ఏడేళ్ళ మనిషి మీద నాకు కోపం రాదు.